చిన్నావిడ వెనక లైటు

పళ్ళ ఆసుపత్రిలో వాళ్ళిద్దర్నీ పెద్దావిడ, చిన్నావిడ అనేవాళ్ళు. పెద్దావిడ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేది. చిన్నావిడ వెనకగదిలో మైనం, అచ్చులు, సన్నటి ఆకురాళ్ళు ముందేసుకుని కట్టుడు పళ్ళు చేసేది. ఒకరికి యాభై మూడు, ఇంకొకరికి నలభై తొమ్మిది. ఒక కడుపున పుట్టినవాళ్ళే. పెళ్ళి మాట ఎత్తే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయాక ఆ మాట ఎత్తే నాథుడు లేకపోయాడు, వీళ్ళూ ఎవరికీ గుర్తు చెయ్యలేదు.

ఉండేది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. సైకిలు కింద పెడితే తెల్లారేసరికి ఉండదు, పైకి మోసుకొస్తే మనుషులకి చోటుండదు. అందుకని ఇద్దరూ మడత సైకిళ్ళు కొనుక్కున్నారు. సగానికి మడిస్తే తలుపు వెనక ఇమిడిపోయేవి, రైల్లో కాళ్ళ దగ్గర పెంపుడు జంతువుల్లా బుద్ధిగా ఉండేవి. ఇంటి నుంచి స్టేషనుకి సైకిలు, అక్కణ్ణుంచి నాలుగు స్టేషన్లు రైలు, దిగాక మళ్ళీ సైకిలు. పదకొండేళ్ళపాటు చిన్నావిడ ముందు, పెద్దావిడ వెనక. చిన్నావిడకి తొక్కుతూ తొక్కుతూ ఏ దవడో గుర్తొచ్చిందంటే రోడ్డు మధ్యకి జరిగిపోయే జబ్బుంది. అప్పుడు వెనకనుంచి ఒక కేక పడేది. వెనక లైటు పెద్దావిడ సైకిలుకి మాత్రమే ఉండేది. నీ వెనక నేనున్నాగా, నీకింకో లైటు దేనికి దండగ అనేది.

అలాంటి అక్క యాభై మూడో ఏట పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళికొడుకు రిటైరైన సర్వేయరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. పై పళ్ళ వరస మొత్తం కట్టించుకోవడానికి వచ్చాడు. చిన్నావిడ చేసిన పళ్ళు మొదటిసారికే కుదురుతాయి, అందులో అనుమానం అక్కర్లేదు. అయినా ఆయన ఇక్కడ నొక్కుతోంది, అక్కడ గీరుతోంది అంటూ ఏడుసార్లు తిరిగాడు. నాలుగోసారి చిన్నావిడకి ఒళ్ళు మండి, వాటిని ముట్టుకోకుండా పావుగంటసేపు బల్లమీదే ఉంచి అలాగే తిరిగిచ్చింది. ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉందండీ అన్నాడాయన. అన్నది చిన్నావిడతోనే, చూసింది మాత్రం ముందుగది వైపు.

ఆయన నవ్వు బాగుంటుందే అని ఆ వారంలోనే అక్క రైల్లో అంది. నవ్వు చేసి పెట్టిందెవరు? తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే మరి. ఆ పళ్ళు అబద్ధం అందామంటే అవి తన పనితనం. మనిషి చెడ్డవాడందామంటే, పాపం, కాడు. చిన్నావిడ నోరు మూసుకుని సంతకాల రోజున సాక్షి సంతకం పెట్టింది. పెద్దావిడ బట్టల పెట్టెతో పాటు తన సైకిలు కూడా మడిచి పట్టుకుని, పూటంతా ప్రయాణం చేస్తే వచ్చే ఇంకో ఊళ్ళో కాపురానికి వెళ్ళింది.

ఆసుపత్రిలో పెద్దావిడ కుర్చీలోకి ఇంకెవరో వచ్చారు. చిన్నావిడని మాత్రం ఇంకా చిన్నావిడ అనే పిలుస్తున్నారు.

మొదటి ఆదివారం అక్క ఫోన్ చేసింది. తిన్నావా, పడుకున్నావా అన్నీ అయ్యాక, నీ వెనక ఎవరొస్తున్నారే అని అడిగింది. చిన్నావిడ తడుముకోకుండా, ఆసుపత్రిలో అచ్చులు పోసేవాయన వస్తున్నాడని చెప్పేసింది. ఆయన ఇల్లూ మనవైపేగా, ఇద్దరం కలిసే బయల్దేరతాం అంది. అచ్చులు పోసేవాయన ఇల్లు ఊరికి సరిగ్గా అవతలివైపు. పంతొమ్మిదేళ్ళలో వాళ్ళిద్దరూ పళ్ళ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడుకున్న పాపాన పోలేదు.

అబద్ధమెందుకంటే, ఎవరూ రావట్లేదక్కా అన్న ఒక్క మాట చాలు, అక్క మర్నాటి రైలుకి దిగిపోతుందని చిన్నావిడ నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఇరవై ఏళ్ళ కిందట తనకి కామెర్లొస్తే అక్క వేరే ఊళ్ళో కుదురైన ఉద్యోగం వదిలి వచ్చేసింది, మళ్ళీ వెళ్ళనేలేదు. ఇప్పుడూ అంతే. తను నోరు జారితే అక్క సంసారం కాస్తా గంగలో కలుస్తుంది. కనక ఆ మాట అనకూడదు. అక్కకి తను ఇచ్చే పెళ్ళికానుక ఇదే అనుకుంది. అనుకున్నందుకు కొంచెం గర్వపడింది కూడా. కొన్ని ఆదివారాలు మాత్రం ఆ మాట పెదవి దాకా వచ్చేది. రానిద్దామా అనిపించేది. రమ్మంటే వచ్చే మనిషి ఒకరు లోకంలో ఉన్నారన్న ధైర్యంతోనే ఆమె వారమంతా ఒంటి చేత్తో నెట్టుకొచ్చేది.

ఇంతలో చలికాలం వచ్చింది. సాయంత్రం ఐదు కొట్టేసరికి చీకటి. అబద్ధమైతే ఆడగలిగింది గానీ, అబద్ధం వెనకనుంచి వచ్చే బస్సుల్ని ఆపదు కదా. చిన్నావిడ సైకిలు కొట్టుకి వెళ్ళింది.

కొట్టాయన ఓ డజను ఎర్ర లైట్లు బల్లమీద పరిచాడు. నిలకడగా వెలిగేవి, కన్నుకొట్టేవి, రెండూ చేసేవి. తెలుపులో పదహారు ఛాయలు కళ్ళు మూసుకుని చెప్పగల మనిషికి ఎరుపు దగ్గర చిక్కొచ్చింది. ఇది ఆరోగ్యమైన చిగుళ్ళ రంగు, ఎవరి కంటా పడదంది. ఇది వాచిన చిగురు, ఇది కాస్త నయమంది. అమ్మా, ఎరుపంటే ఎరుపేనండీ అని కొట్టాయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. మూడుసార్లు తిరిగితే గానీ రంగు తేలలేదు.

రంగు తేలాక చోటు తేలలేదు. అందరూ సీటు గొట్టానికి బిగిస్తారు. కానీ మడత సైకిలు మడిచేటప్పుడు ఆ గొట్టం కిందకి దిగిపోవాలి. లైటుంటే దిగదు, దిగకపోతే మడత పడదు, మడవని సైకిలుని రద్దీ వేళ రైలెక్కనివ్వరు. రోజుకి నాలుగుసార్లు ఊడదీసి పెట్టుకుంటే ఐదోసారి ఎక్కడో పారేసుకుంటుంది, ఆ సంగతి తనకి తెలుసు. పోనీ క్యారియర్ చివర పెడదామంటే, మడిచాక సైకిలు నిలబడేది ఆ అంచు మీదే. లైటు నుజ్జవుతుంది. ఆఖరికి సీటు కింద పెట్టమన్నది చిన్నావిడే. సీటు అడుగున రెండు కమ్మీలుంటాయి. వాటికి వేలాడదీస్తే మడిచినా అడ్డురాదు, నేలకి తగలదు, ఊడదీసే పనే లేదు. కొట్టాయన కూడా మెచ్చుకున్నాడు. ఇంటికెళ్ళాక ఎవర్నన్నా వెనక నిలబెట్టి ఒకసారి చూపించుకోండమ్మా అన్నాడు. చూసుకుంటాలెండి అంది.

చూసుకుంది కూడా. ఇంటి పక్క సందులో సైకిలుని గోడకి ఆనించి, లైటు వేసి, అరవై అడుగులు వెనక్కి నడిచి తిరిగి చూసింది. ఎర్రగా, నిక్కచ్చిగా కనబడింది. తొలిసారి పెట్టగానే పళ్ళు కుదిరినప్పటి సంతోషం కలిగింది. ఇక అక్క అడిగితే వెనక భయం లేదని చెప్పొచ్చు అనుకుంది.

రెండు వారాలు అలా తిరిగింది. మూడో వారం మొదట్లో, స్టేషను దగ్గర మలుపులో, వెనక ఓ బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక లైటు లేకుండా ఈ చీకట్లో ఎలా తిరుగుతారమ్మా, ఇంకో రెండడుగులైతే నా గతేం కావాలి అన్నాడు. చిన్నావిడ రోషం ఎక్కడికి పోతుంది? దిగి, సైకిలు వెనక్కి తిప్పి, ఇదిగో వెలుగుతోంది చూడండి అంది. నిజంగానే వెలుగుతోంది. డ్రైవరు దాన్ని చూశాడు, ఆమెని చూశాడు. ఇప్పుడు కనబడుతోంది, ఇందాక లేదు, ఒట్టు అని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఆమె సైకిలు నడిపించుకుంటూనే ఇంటికి వచ్చింది. దిగితే వెలుగుతుంది, ఎక్కితే వెలగదు. మధ్యలో వచ్చే తేడా ఏమిటీ అంటే తనే. ఆ తేడా ఏమిటో చూడాలంటే ఒకరు సైకిలు మీద కూర్చోవాలి, ఇంకొకరు వెనక నిలబడాలి. అంటే ఇద్దరు మనుషులు కావాలి. కింది వాటాలో ఉండేవాళ్ళని అడగొచ్చు. కానీ పదకొండేళ్ళలో నమస్కారం దాటని పరిచయం. ఒక్క నిమిషం నా వెనక నిలబడతారా అని అడగడానికి నోరు రాలేదు. ఆ మాట అడగాల్సి రావడమే ఆమెకి తలకొట్టేసినట్టు అనిపించింది.

ఆదివారం సాయంత్రం తను రోజూ వేసుకునే చలికోటులో దిండు కూరి, బొత్తాలు పెట్టి, దాన్ని సీటు మీద కూర్చోబెట్టింది. చేతుల్ని హ్యాండిలుకి కట్టింది. సందులో గోడకి ఆనించి అరవై అడుగులు నడిచి తిరిగి చూసింది. లైటు లేదు. పొడుగు కోటు అంచు సీటు మీంచి తెరలా కిందకి దిగి దాన్ని పూర్తిగా మూసేసింది. మూడుసార్లు తిరిగి ఏరుకున్న ఎరుపు రెండు వారాలుగా కుండలో దీపంలా కోటు కింద వెలుగుతోంది. ఆమెకి నవ్వొచ్చింది. అటుగా వెళ్తున్న ఒకావిడ తలలేని కోటుని, ఒంటరిగా నవ్వుతున్న మనిషిని మార్చి మార్చి చూసి, నడక వేగం పెంచింది.

నవ్వు ఆగాక చిన్నావిడ ఆ కోటునే చూస్తూ నిలబడింది. భుజాల దగ్గర గుడ్డ అరిగి నిగనిగలాడుతోంది. ఎడమ పక్కకి కొద్దిగా వాలి ఉంది. ఇన్నేళ్ళూ అక్క కళ్ళముందు ఉన్నది ఈ వీపే. తను ఇవాళే చూస్తోంది. దుఃఖం ముంచుకొచ్చింది. జేబులోంచి ఫోన్ తీసి, ఈసారి తనే చేసింది.

లైటు కొన్నానక్కా, కనబడట్లేదట అంది.

"ఎక్కడ పెట్టావు?"

"సీటు కింద."

"సీటు కింద పెడితే నీ కోటు కప్పెయ్యదూ? నువ్వెప్పుడు కోటు ఎగదీసుకుని కూర్చున్నావు గనక? నడుం దగ్గర వెనక పట్టీ ఉంటుంది చూడు, దానికి తగిలించుకో." అక్కడిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పి, అక్క ఆగింది. "అదేంటే, అచ్చులాయన రోజూ వెనకే వస్తాడుగా. ఆయనేం చెప్పలేదా?"

చిన్నావిడ గోడకి చెయ్యి ఆనించింది.

"ఆయన రావట్లేదక్కా. ఎవరూ రావట్లేదు. మొదట్నించీ ఎవరూ లేరు."

అనేసింది. రెండు నెలలు పళ్ళబిగువున ఆపిన మాట బయటపడింది. అవతల గిన్నెల చప్పుడు ఆగింది, ఎవరో దగ్గారు, తలుపు మూసిన చప్పుడైంది. ఇక్కడ చిన్నావిడ మనసు అప్పటికే స్టేషనుకి వెళ్ళి నిలబడింది. రేపు పొద్దున్న బండికి బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తుంది, రెండో మంచం మీద దుప్పటి మార్చాలి అనుకుంది. బావకి అన్యాయం చేశానన్న భయం ఒక పక్క, ఆ భయాన్ని మించిన సంతోషం ఇంకో పక్క.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు వచ్చేస్తావని."

అక్క చాలా మెల్లగా, చిన్నప్పుడు జ్వరమొస్తే మాట్లాడినట్టు మాట్లాడింది.

"రానే. అప్పుడు చెప్పినా వచ్చేదాన్ని కాదు. నాకిక్కడ బాగుందే."

చిన్నావిడ సరే అంది. కోపమొచ్చిందా అని అక్క అడిగితే లేదంది. చలిగా ఉంది, పైకి వెళ్తానంది. జాగ్రత్తే అని అక్క నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ ఊఁ కొట్టింది. ఫోన్ పెట్టేశాక, అరవై అడుగుల దూరంలో దిండుతో ఉబ్బి కూర్చున్న కోటు దగ్గరికి వెళ్ళలేదు. అక్క రాదన్న సంగతి ఆ మొదటి ఆదివారమే తనకి లోలోపల తెలుసు. చెప్పి చూస్తే అది తేలిపోతుందనే అబద్ధమాడింది.