గోడ మీద నల్లచుక్క

రాసుకో బిడ్డా. దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. పరకాల దగ్గర మా చెలక, పీనుగుల్ని పూడ్చే బొందలగడ్డను ఆనుకునే ఉండేది. ఒక్కదాన్నే కలుపు తీసేదాన్ని, అక్కడే కూర్చుని సద్ది తినేదాన్ని. అలాంటి నేను చెప్తున్నాను. నవ్వకుండా రాయి.

డెబ్బయ్యో దశకం చివర్లో నా కుడి రొమ్ములో గడ్డ తేలింది. వరంగల్ దవాఖానలో ఒక డాక్టరమ్మ, సర్జన్, ఆపరేషన్ చేసింది. అప్పట్లో రొమ్ముతో పాటు దాని కింది ఛాతీ కండ కూడా తీసేసేవాళ్ళు. ప్రాణం మిగిలినా చెయ్యి సరిగ్గా లేచేది కాదు. ఈమె కండ జోలికి పోకుండా రొమ్మూ, చంకలో గడ్డలూ మాత్రం తీసేది. రోగం మళ్ళీ వస్తుందని తోటి డాక్టర్లు వాదించేవాళ్ళట. బతకడం ఒక్కటే చాలదు, బతికినాక ఆడమనిషి తన పని తాను చేసుకోవాలని ఈమె పట్టు. ఏళ్ళ తరబడి దాని మీదే పరిశోధన చేసింది.

ఆపరేషన్ అయినవాళ్ళం పొద్దున్నే గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను పురుగు పాకినట్టు పైకి పాకించాలి. అందిన చోట కుంకుమ చుక్క పెట్టాలి. డాక్టరమ్మ టేపుతో కొలిచేది.

నా పక్క మంచం నర్సవ్వది. మగ్గం నేసే మనిషి, భర్త పోయినామె. "నాకెందుకు బిడ్డా ఎరుపు" అని కుంకుమ ముట్టలేదు. చాయ్ కుంపటి బొగ్గుతో నల్లచుక్క పెట్టేది. నూలుపోగు ఒరుసుకుని ఒరుసుకుని ఆమె వేలి కొన మీద నిలువుగా గీత పడింది. అందుకే ఆ చుక్క రెండు పప్పుబద్దల్లా చీలి ఉండేది. వార్డులో నల్లచుక్క ఆమెది ఒక్కటే, అందరి చుక్కల కంటే పైన.

నా చుక్క చూసి ఆటపట్టించేది. "ఏందే, గోడ బొడ్డుకు బొట్టు పెడ్తాన్నవ్? దాని నొసలు పైనున్నది!"

"నొస్తాంది అవ్వా."

"నొస్తది మరి. బాయిల నీళ్ళు నీ మొగడు చేదుతడా?"

అందరం నవ్వేవాళ్ళం, నవ్వితే కుట్లు లాగేవి. నా భయమూ అదే. చేదబావి, నాట్లు, చంకన పిల్ల. కుడిచెయ్యి పడిపోతే నా బతుకు ఇంకొకరి మీద పడుతుంది.

నర్సవ్వ రోగం అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందట. ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నామె లేవలేదు. కొడుకులు వచ్చి తీసుకుపోయారు. వార్డు ఊడ్చే ఆయమ్మ తడిగుడ్డతో ఆమె చుక్కలన్నీ తుడిచేసింది, నేను చూస్తుండగానే.

అంత పైకి పాకినామే పోయింది, నా చెయ్యి లేచి ఏం లాభం అనిపించింది. గోడ దగ్గరికి పోవడం మానేశాను. డాక్టరమ్మ కోప్పడింది. "చంకల పుండు మానుకుంట మానుకుంట బిగుసుకుంటది. ఇప్పుడు కదపకపోతే మల్ల లేవదు. నీ ఇష్టమిగ."

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి నా ఎర్రచుక్కకు బెత్తెడు పైన నల్లచుక్క ఉంది. నడుమ చీలిక.

ఆయమ్మ పరాచికం అనుకున్నాను. ఆమెకు కోపమొచ్చి, తన వేలికి బొగ్గు పూసి పక్కనే అద్ది చూపించింది. నిండు చుక్క పడింది. డాక్టరమ్మ వార్డులో అందరి వేళ్ళూ తిప్పి చూసింది. ఆ గీత ఎవరికీ లేదు.

నాకు భయం కంటే రోషం ఎక్కువైంది. చచ్చి కూడా ఎక్కిరిస్తుందా అని గోడకు చెయ్యి పెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నల్లచుక్క అందలేదు గానీ నా పాత చుక్క దాటాను. తెల్లారి చూస్తే అది ఇంకాస్త పైన ఉంది. అట్లా రోజూ నేను ఎక్కినకొద్దీ అదీ ఎక్కింది. ఒకసారి డాక్టరమ్మ ఒక నర్సును రాత్రంతా గోడ ముందే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ పిల్ల కుర్చీ దిగలేదు, ఎవరూ రాలేదు. చుక్క మాత్రం పడింది.

చివరికి ఒక పొద్దున నా చెయ్యి చెవికి ఆనుకుని నిటారుగా లేచింది. వేలు నల్లచుక్క మీద పడింది. బొగ్గు అంటింది. ఆ తర్వాత చుక్క రాలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నీ లెక్క నా పరిశోధన బుక్కుల రాసిన. నర్సవ్వ చుక్క గూడ, ఆమె పోయినంక సుత, రోజూ కొలిచిన. మరి ఆమెను ఏడ రాయాలె? బతికినోళ్ళలనా, పోయినోళ్ళలనా?"

నవ్వులాటకు అడగలేదు. నేను కొంగు సర్దుకుని, కుడిచేత్తో మూట ఎత్తుకున్నాను.

ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు చూపించుకోవడానికి పోయాను. బావిలో నీళ్ళు చేదాను, నాట్లేశాను. ఎక్కడ రాశావమ్మా అని ఎన్నడూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆ చుక్క ఎవరు పెట్టారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

దయ్యమని మాత్రం రాయకు బిడ్డా. నర్సవ్వను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.