టేపు మొదట్లో ఊపిరి

ఎనభైల్లో ఒకసారి ఫుజైరా నుంచి దుబాయ్ వెళ్లే షేర్ టాక్సీలో ఉన్నాను. ఒళ్లో కొత్త టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు. పక్కన జడ వేసుకునేంత జుట్టున్న తెల్లాయన, ఓడలో పనిచేస్తాడట. జేబులోంచి ఒక క్యాసెట్ తీసి, పెట్టమని సైగ చేశాడు.

పెట్టాను. ఒకటే గరగర, గర్జన. "ఇంజన్ ఖలాస్!" అంటూ పఠాను డ్రైవరు బండి ఆపి బానెట్ ఎత్తాడు.

అప్పట్లో మా ఉత్తరాలన్నీ క్యాసెట్లలోనే నడిచేవి. ఇదీ ఇంటి నుంచి వచ్చిందేననుకుని, "మీ నాన్నగారు మంచి కోపం మీదున్నట్టున్నారు," అన్నాను.

ఆయన నవ్వాడు. శబ్దం రాలేదు.

"నేనే," అన్నాడు గుసగుసగా.

ఫిన్లాండులో హెవీ మెటల్ గాయకుడట. ఆరేళ్లు ఊరూరా పాడాడట. గొంతులో గడ్డ తీసేశాక మిగిలింది ఈ గుసగుసేనట. పాట సాగినంతసేపూ దానితోపాటు పెదవులు కదిపాడు. ఒక్క మాటా తప్పలేదు.

నోరు జారినందుకు సర్దిచెప్పాలని, ఇంటికి పంపబోయే ఖాళీ క్యాసెట్ పెట్టి, రికార్డు బటన్ నొక్కి, "ఒక్క ముక్క పాడండి," అన్నాను. అది రెండో తప్పు. ఆయన వంగి, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. అంతే. కాసేపటికి తనే రికార్డింగ్ ఆపి, మర్యాదగా థాంక్స్ చెప్పాడు.

దాన్ని చెరపబుద్ధి కాలేదు. నా ఉత్తరం దాని తర్వాతే చెప్పి పంపాను. జవాబు క్యాసెట్లో మా ఆవిడ అడిగింది: "ఏవండీ, మొదట్లో ఊపిరి పీల్చిందెవరండీ? పాటేదో మొదలవుతుందని పిల్లలు చెవులొగ్గి కూర్చున్నారు. ఈసారన్నా పాడమనండి."

తర్వాతి టేపంతా నేను ఇక్కడి ఎండల గురించే మాట్లాడాను.