పెన్ను మీద కుంకుమ చుక్క

చెక్క పెన్ను మెరిస్తే కిటికీ మొత్తం అందులో కనబడాలి. అంతకంటే తక్కువ మెరుపు నాకు నచ్చదు, మళ్లీ మొదటి నుంచీ గీకేస్తాను.

ఆ పెన్నును రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కతో చేశాను. పూత వేసిన ప్రతిసారీ నున్నబడేదాకా తడి వాటర్ పేపర్‌తో, అదే సన్న గరుకు కాగితంతో, రుద్దాను. ఆఖరి వార్నిష్ పూత మీద బొగ్గు వ్యాగన్ల నుసి పడకుండా, పట్టాల పక్కనే ఉన్న మా రైల్వే క్వార్టర్ కిటికీలు మూసి ఆరబెట్టాను.

ఆ రోజు విశ్వకర్మ పూజ. నేను పనిచేసే రైలింజన్ల షెడ్డులో యంత్రాలకు పెట్టినట్టే, మా ఆవిడ ఇంట్లో నా ఉలులన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టింది. ముసురుకి ఇంకా ఆరని పెన్నుకీ పెట్టేసింది.

"ఏటి పని చేసినావిది?" అన్నాను.

"అచ్ఛా, రాసే పెన్ను పనిముట్టు కాదేటి?" అంది.

గీకేద్దామని వాటర్ పేపర్ తీశాను. కోపంలో నుసి సంగతి మరిచి, వెలుతురు కోసం కిటికీ తెరిచాను. బయట గూడ్సు బండి పోతోంది. పెన్ను మీద వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి జారిపోతుంటే, వాటి మధ్య ఆ ఎర్రచుక్క దూరపు సిగ్నల్ దీపంలా కదలకుండా నిలిచింది. బండి పూర్తిగా దాటేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ఆ చుక్క మీదే ఇంకో పూత వేశాను. ఆరాక చూస్తే, మెరుపు అడుగున ఆవిడ వేలి గీతలు కనిపించాయి.