పేరు చెప్పనన్న ఒట్టు

మోసపు ఫోన్ వస్తే అవతలివాణ్ణి తిట్టి పెట్టేస్తారు కదా, వాడి వెనక కర్ర పట్టుకుని ఎవరు నిలబడ్డారో ఎప్పుడైనా అడిగారా?

రాష్ట్ర సరిహద్దు దాటాక అడవిలో, ఆవపల్లి అవతలి మా జవాన్ల క్యాంపుకు నేను డ్యూటీ మీద వెళ్లింది జూన్ చివర. వాన. ట్రక్కు బురదలో దిగబడితే చివరి రెండు కిలోమీటర్లు రైఫిలు, సామాను మోసుకుని నడిచాం. అక్కడ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. వారాల తరబడి నా భాష నా నోట్లోనే ఉండిపోయేది.

చుట్టుపక్కల సిగ్నల్ మా టవర్ దగ్గరే అందేది. ప్రతి సంత రోజూ తెలుగు వచ్చిన దొర్ల తెగ ఆవిడ ఒకామె ఫోన్ పట్టుకుని ముళ్లకంచె బయట నిలబడేది. ఆమె తమ్ముడు థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి వెళ్లాడు. ఏజెంటు అతణ్ణి మయన్మార్‌లోని చైనా ముఠాకు అమ్మేశాడు. అక్కడ గోడల మధ్య కూర్చోబెట్టి, తెలుగువాళ్లకు ఫోన్లు చేయించి దోపిడీ చేయిస్తున్నారు.

"అరే తెలుగు బాబూ, తేరీ దీదీ ఆ గయీ!" మా అక్క వచ్చిందంటూ వైర్‌లెస్ ఆపరేటర్ సెట్‌లో నవ్వేవాడు. "జా, పేట్ భర్‌కే బాత్ కర్ లే."

నిజమే, కడుపునిండా తెలుగు మాట్లాడుకోవడం నాకు అన్నంతో సమానం.

"ఏజెంటు పేరు చెప్పక్కా. వాడు దొరికితేనే తమ్ముడు ఏ బిల్డింగులో ఉన్నడో తెలుస్తది," అన్నాను ఒక సంత రోజు.

"చెప్పరాదు సారూ. దేవర గుడి మట్టి చేతుల వెట్టి ఒట్టేయించిండు. పేరు చెప్తె తమ్ముడు సస్తడంట."

"మట్టికి మయన్మార్ దాకా చెయ్యి ఉంటదా?"

"నీకేంది? నీ తమ్ముడా ఏంది?"

ఫోన్ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాతి సంతకు ఏడుస్తూ వచ్చింది. తమ్ముణ్ణి కరెంటు షాకు పెట్టి కొట్టారట. ఆ రోజు కంచె ఇవతల నిలబడి, నేనెప్పుడో చదివిన సంగతి చెప్పాను. చైనాలో వెనకటికి దిక్కులేని కూలీలు, పడవవాళ్లు ఒకరికొకరు తోడుగా సంఘాలు కట్టుకున్నారు. అగరొత్తులు వెలిగించి, నెత్తురు కలిపి తాగి, గుట్టు విప్పితే చావేనని ఒట్టు వేసుకున్నారు. కొన్నిటిలో ఆ తోడు కాస్తా దందా అయింది. వలస కూలీల ఓడల్లోనే రేవు రేవుకూ పాకింది. నేటి ముఠాలన్నీ వాటి సంతానం కాకపోవచ్చు. ఆయుధం మాత్రం అదే, నోరు కట్టేసే భయం.

ఆమె కంచెకు దగ్గరగా జరిగింది.

"అంటే ఈ ఒట్టు దేవరది కాదు. ఆ దొంగోళ్లది."

పేరు చెప్పింది. ఠాణాలో రాయించాం.

మర్నాడే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సెలవు మీద ఇంటికొచ్చాక ఎన్ని ఫోన్లు చేసినా ఆమె కబురు తెలియలేదు. క్యాంపు వదిలి వెళ్తూ ట్రక్కులోంచి చూసిన దృశ్యం ఒక్కటే మిగిలింది. వానలో, కంచె పక్కన, ఒడిలో ఫోన్ మీద రెండు చేతులూ కప్పి, తమ్ముడు బతికున్నాడో లేడో వినడానికి ఆమె ఒక్కతే కూర్చుని ఉంది.

మీ ఊళ్లోనూ అలాంటి ఏజెంటు ఉన్నాడు. వాడి పేరు మీకు తెలుసు. ఈరోజే ఠాణాకు వెళ్లి చెప్పండి.