బిగ్ బ్లైండ్‌లో పడేసిన ముక్కలు

మొన్న ఆదివారం మా అమ్మాయి స్నేహితురాళ్లతో ఫోన్‌లో సరదాకి పోకర్ ఆడుతూ, ఏ ముక్కలకు నిలబడాలో, ఏవి పడేయాలో రంగుల గళ్లలో చూపే పట్టిక ఒకటి నా ముందు పెట్టి, "పాపా, దో తో పహలే హీ డాల్ చుకీ హూఁ, అబ్ ఛోడూఁ క్యోం?" అంది. తెలుగు అర్థమవుతుంది గానీ, జవాబు మాత్రం ఎప్పుడూ హిందీలోనే. రెండు ముందే వేసేశాక వదులుకోవడమెందుకని దాని వాదన. ఆ వాదనతోనే ఢిల్లీలో, మునిర్కాలో నాలుగేళ్లు గడిపిన మనిషిని నేను.

సివిల్స్‌కు చదువుతున్న రోజులవి. నేను, మా పెదనాన్నగారి అబ్బాయి అన్నయ్య, వరంగల్ నుంచి వచ్చిన మిత్రుడు, ముగ్గురం ఒకే అద్దె గదిలో ఉండేవాళ్లం. ఆదివారాలు శనగలతో పోకర్ ఆడేవాళ్లం. ముక్కలు చూడకముందే ఒకరు ఒక గింజ, పక్కవారు రెండు గింజలు వేయాలి. రెండు వేసే ఆ వంతునే బిగ్ బ్లైండ్ అంటారు. ఎవరూ నేర్పకుండానే నోటుపుస్తకం వెనకపేజీలో లెక్క కట్టుకున్నాను. అవతలివాడు ఐదుకు పెంచినా నేను మరో మూడు వేస్తే చాలు, మధ్యలో పదకొండు పోగవుతాయి, నాలుగింట ఒకసారి కంటే కాస్త ఎక్కువ గెలిస్తే గిట్టుబాటే. అందుకని దాదాపు ప్రతిసారీ నిలబడేవాణ్ణి. అలా నిలబడ్డాక ప్రతి అడుగులోనూ అవతలివాడి కంటే ముందు నేనే తేల్చుకోవాలన్న ఇబ్బంది ఆ లెక్కలో లేదని చాలా గింజలు పోయాక గానీ తెలియలేదు.

మూడోసారీ పరీక్ష పోయాక ఫరీదాబాద్‌లో ఒక కర్మాగారం స్టోర్స్‌లో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. పరీక్షకు ఇంకొక్క అవకాశం మిగిలి ఉంది. ఆదివారానికి కూడా నేను ఎటూ తేల్చుకోలేదు.

"నీవల్ల కాదురా, ఆడదాం" అన్నాడు అన్నయ్య. "శనగలు అయిపోతే రేపు బస్సెక్కేయ్. మిగిలితే ఇంకో ఏడాది నోరెత్తకుండా చదువు."

నా దగ్గర పదిహేను గింజలున్నప్పుడు బిగ్ బ్లైండ్ నాదైంది. అన్నయ్య ఐదుకు పెంచాడు, వరంగల్ మిత్రుడు పడేశాడు. నా చేతిలో ఇస్పేట్ తొమ్మిది, ఎనిమిది. ఏ లెక్కన చూసినా నిలబడాల్సిన ముక్కలే.

"ఏందన్నా, ఇంకా లెక్కలేనా? చాయ్ సల్లారింది" అన్నాడు మిత్రుడు.

ముక్కలు బోర్లించి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత నాలుగైదు పంపకాల్లో, గెలవాలన్న ఓపిక లేని చేత్తో, మిగిలిన గింజలు కూడా పోగొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ నా పెట్టె మోసుకుంటూ బస్సు దాకా వచ్చారు. ముక్కలు కలిసి రాలేదు గానీ నీ తప్పేం లేదురా అని అన్నయ్య దారి పొడవునా నన్ను ఓదారుస్తూనే ఉన్నాడు. నిలబడాల్సిన ముక్కల్ని నేనే పడేశానని ఈనాటికీ అతనికి చెప్పలేదు.

చదివి చదివి అలసిపోయానని ఒప్పుకోవడం ఆ రోజుల్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆ మాట ఎవరైనా ఎక్కడైనా తేలిగ్గా అనేస్తున్నారు, మంచిదే. అయితే అది వినగానే పని మానుకుని, పెట్టె చెరో పక్కా పట్టుకుని వచ్చే ఇద్దరు మనుషులు మాత్రం అంత తేలిగ్గా దొరకడం లేదు.