మళ్ళీ నొక్కినా అదే జాబితా

కిడ్నీ జబ్బులు ఎక్కువైన ఉద్దానంలో మా ఊరికి నీళ్ల ఫిల్టర్లొచ్చాయి. ఈ ఏడాది సగం ఇళ్లకు, మిగతా సగానికి వచ్చే ఏడాది. ఈలోగా కిడ్నీలకు మేలవుతుందో లేదో చూడాలి. సర్వే నాది. ఇళ్లు నేనే ఎంచితే ఊళ్లో తలెత్తుకోలేనని కంప్యూటర్‌తో చీటీలు తీయించాను. చీటీలు కలపడానికి దానికి ముందుగా ఓ సంఖ్య ఇవ్వాలి; దాన్ని ఊరి పెద్దాయన అందరి ముందూ చెప్పాడు. ఈ ఏడాది జాబితాలో మా మేనత్త ఇల్లు రాలేదు.

"ఇంకోపాలి నొక్కు బావా, ఏటౌద్ది?" అన్నాడు ఆమె కొడుకు.

పలాసలో జీడిపప్పు కొట్లో బేరాల మధ్య పెరిగినవాణ్ణి, రెండో మాట అడక్కుండా ఉండలేను. నొక్కాను. అదే సంఖ్య కదా, అదే జాబితా వచ్చింది. శిక్షణలో చెప్పిందే, ఆశలో మరిచాను.

"దీనికి బేరం తెల్దేటి?" అన్నాడు అత్త కొడుకు.

నాకు ప్రాణం లేచొచ్చింది. వేరే జాబితా వచ్చుంటే, ముందు అత్త ఇల్లే వెతికేవాణ్ణి.