తొట్టిలో నీళ్ళు

మిషను కింద నలిగే కాంక్రీటు దిమ్మ, పగిలేముందు సన్నగా మూలుగుతుంది. ఈ ఉదయం పక్క గదిలోంచి ఆ చప్పుడు వినబడగానే చేతిలో పెన్ను ఆగిపోయింది. యేసుదాసు బాబాయ్ గుర్తొచ్చాడు.

నరసరావుపేటలో ఒక కన్సల్టెన్సీలో మెటీరియల్స్ ఇంజినీరుగా చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కట్టడాల కాంక్రీటు, ఇనుము, ఇసుక పరీక్షించి రిపోర్టులివ్వటం మా పని. యేసుదాసు బాబాయ్ ల్యాబ్‌లో హెల్పరు. కాగితం మీద నేను ఆయనకు పైఅధికారిని, పని నేర్పింది మాత్రం ఆయనే. అచ్చులో పోసిన కాంక్రీటును కడ్డీతో ఎన్నిసార్లు పొడవాలో నేను పుస్తకంలో చదివి వచ్చాను. చెయ్యి తేలిగ్గా పడితే మూలల్లో గాలి ఎలా మిగిలిపోతుందో ఆయన చూపించాడు. ఇసుకను పిడికిట్లో బిగించి వదిలి, అరచేతికి అంటిన మట్టిని నా కళ్ళ ముందు పెట్టేవాడు. సైటు నుంచి వచ్చిన దిమ్మలు, మిషను కింద నలిపి బలం చూసేముందు, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో నానాలి. తొట్టి ఎండకుండా చూడటం ఆయన పని, ఆదివారం కూడా చర్చి అయ్యాక తెల్లచొక్కాతోనే వచ్చి తొట్టి చూసి వెళ్ళేవాడు.

తొట్టిలో నీళ్ళున్నాయని నేను రోజూ చూసి సంతకం పెట్టాల్సిన రిజిస్టరును, ఒకసారి బద్ధకించి, తొట్టి దాకా వెళ్ళకుండానే నింపేశాను. ఆయన దాన్ని తెచ్చి నా బల్ల మీద తెరిచాడు. "చూడకుండా రాశావా అమ్మా?" అన్నాడు మెల్లగా. నేను లేచి వెళ్ళి, చూసి, కొట్టేసి మళ్ళీ రాసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కరోజూ చూడకుండా సంతకం పెట్టలేదు.

రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కడుతున్నారు. దాని కాంక్రీటుతో పోసి పంపిన మూడు దిమ్మలూ ఉండాల్సిన బలంలో సగానికే పగిలాయి. కాంట్రాక్టరు ఆ ఊరి పెద్దల మనిషి. మర్నాడే వచ్చి, తలుపు వేసుకుని మా సారుతో చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. తర్వాత సారు మా ఇద్దర్నీ పిలిచారు. మన తొట్టి వారం రోజులు ఎండిపోయి ఉందట, దిమ్మలు అందుకే చెడిపోయాయట, కొత్తవి తెప్పిస్తున్నాం అన్నారు. నా ప్రొబేషను వచ్చే నెలతో అయిపోతుందన్న సంగతి కూడా, ఏదో మాటల్లో మాటగా, గుర్తుచేశారు.

యేసుదాసు బాబాయ్ ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగాడు.

"రోజూ చూసి సంతకం పెట్టింది నువ్వే గదమ్మా. తొట్టిలో నీళ్ళు ఉన్నయ్యా, లేవా?"

ఉన్నాయి. ప్రతిరోజూ నిండుగా ఉన్నాయి.

"అన్ని రోజులూ నేను చూడలేదు సార్," అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన్ను పనిలోంచి తీసేశారు. కాంట్రాక్టరు విడిగా పోయించి పంపిన కొత్త దిమ్మలు బ్రహ్మాండంగా నిలిచాయి. రిపోర్టు మీద సంతకం నాదే. ట్యాంకు నింపిన వేసవిలోనే గోడలు చెమర్చాయి. పైన ఏదో పూత పూసి కప్పెట్టారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ క్యాన్ నీళ్ళే కొనుక్కుంటారు. ఎవరూ చావలేదు గదా అని చానాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను.

ఏడాది తర్వాత వెతుక్కుంటూ వెళ్ళాను. రోడ్డు పక్కన సిమెంటు ఇటుకలు పోసే చోట కూలీగా ఉన్నాడు. కుర్చీ వేయించి టీ తెప్పించాడు. తప్పు చేశానని చెప్పాను. అంతా విన్నాడు.

"చిన్నపిల్లవి, భయపడ్డావు, పోనీలే అందామని నాకూ ఉందమ్మా. నోరు రావట్లా," అన్నాడు. "ఇరవయ్యేళ్ళు చేసిన పని. ఇప్పుడు ఏ ల్యాబుకి పోయినా, నీళ్ళు పెట్టనోడివి నువ్వేనంటగా అంటున్నారు."

నేను టీ తాగటం అయ్యేదాకా కూర్చుని, ఇటుకలు తడిపే వేళయిందని లేచాడు. మళ్ళీ రమ్మని అనలేదు. నేనూ వెళ్ళలేదు.

ఇప్పుడు ఈ లైనులో నాకు నిక్కచ్చి మనిషినని పేరుంది. మేడం రిపోర్టుకు తిరుగులేదంటారు. నిజమే, ఆ తర్వాత ఎవరికోసమూ ఒక్క అంకె మార్చలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఇంత పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చింది మేడం అని అడుగుతారు. ఒక పెద్దాయన నేర్పాడని చెబుతాను. ఆయన ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగితే, తెలియదంటాను.